ఏడో నొక్కు కోసం ఒక కీబోర్డు

జంషెడ్‌పూర్ అన్న పేరును కంప్యూటరులో తెలుగులో కొట్టాలంటే పదకొండు నొక్కులు పడతాయి. జ, సున్న, ష, ఎత్వం, డ, పొల్లు... ఇవి ఆరు. చివర్లో ప, కొమ్ము దీర్ఘం, ర, పొల్లు... ఇవి నాలుగు. మధ్యలో వచ్చే ఏడోది కంటికి కనిపించదు. అది అక్షరమూ కాదు, గుణింతమూ కాదు. ‘ఇక్కడ ఒత్తు కలపొద్దు’ అని కంప్యూటరుకు చెప్పే సంకేతం. అది పడకపోతే పకారం వెళ్లి డకారం కింద ఒత్తుగా కూర్చుంటుంది. ఊరి పేరు ‘జంషెడ్పూర్’ అయిపోతుంది. నోటికి తేడా తెలియదు గానీ కంటికి అది వేరే ఊరిలా ఉంటుంది.

మామూలుగా దొరికే కీబోర్డు మీద ఈ ఏడో నొక్కుకు సొంత కీ లేదు. లేకపోతే చేసి పెట్టుకోవచ్చు. దాన్ని కీబోర్డు కంపెనీ వాళ్లే చేసి ఇవ్వక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో క్రేను కొక్కెం హద్దు దాటకుండా ఆపే స్విచ్చుతో కూడా తెలుగు అక్షరం కొట్టొచ్చు.

జంషెడ్‌పూర్‌లో ఈ మాట చెప్తే వింతగా ఉండదు. 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడే మొదటి ఉక్కు దిమ్మ తీసింది. సాక్చీ అనే పల్లెకు జంషెడ్‌జీ టాటా పేరు పెట్టింది 1919లో. కొలిమి వెలిగాక దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలూ అందులో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ రాకకు గుర్తుగా ఈనాటికీ నిలిచి ఉంది. ఇలాంటి ఊళ్లో షిఫ్టు డ్యూటీలు చేసే ఇళ్లలో ‘లిమిట్ స్విచ్’ అన్న మాటకు అర్థం ఎవరూ అడగరు. క్రేను తాడు కొక్కేన్ని పైకి లాగుతూ లాగుతూ హద్దుకు చేరగానే ఒక చేతిమీట తగులుతుంది, లోపల ‘టక్’మంటుంది, మోటారు ఆగిపోతుంది. ఆ టక్ పడకపోతే ప్రమాదం.

చాలా లిమిట్ స్విచ్‌ల గట్టి డబ్బా విప్పితే లోపల ఉండేది అగ్గిపెట్టె కన్నా చిన్నదైన నల్లటి ప్లాస్టిక్ పెట్టె. దానిపేరు మైక్రోస్విచ్. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే దుకాణాల్లోనూ, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే చోటా విడిగా దొరుకుతుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే పైన చిన్న బొడిపె, కింద మూడు ఇత్తడి కాళ్లు కనిపిస్తాయి. ఒక కాలు కామన్. రెండోది నొక్కనప్పుడు కామన్‌తో కలిసి ఉంటుంది, మూడోది నొక్కినప్పుడు కలుస్తుంది. బొడిపెను గోటితో మెల్లగా, చాలా మెల్లగా నొక్కితే ఒక వింత బయటపడుతుంది. వేలు ఎంత నెమ్మదిగా దిగినా లోపలి రేకు మాత్రం నెమ్మదిగా కదలదు. ఒక చోటి వరకు ఓపిక పట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా అటు పక్కకు గెంతుతుంది. ఆ గెంతుకే టక్ అన్న చప్పుడు. సగం కలిసి సగం విడిపోయే స్థితి అందులో లేనే లేదు. అందుకే నిప్పురవ్వ తక్కువ, అరుగుదల తక్కువ. 1932లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో, ఒక బ్యాటరీ కంపెనీలో పనిచేసే పీటర్ మెగాల్ కనిపెట్టిన ఏర్పాటు ఇది. కంప్యూటరు మౌసు క్లిక్కుమన్నప్పుడు వినిపించేది దీని పిల్ల గొంతే. పెద్దన్న క్రేను మీద కూర్చున్నాడు, తమ్ముడు మౌసులో దూరాడు.

మరి అక్షరం ఎక్కడుంది? కీ మీద అచ్చువేసిన బొమ్మ తప్ప కీబోర్డు లోపల అక్షరం అంటూ ఎక్కడా ఉండదు. కీ నొక్కగానే రెండు లోహపు ముక్కలు కలుస్తాయి. లోపలి చిన్న చిప్పు అది గమనించి కంప్యూటరుకు ఒక సంఖ్య పంపుతుంది. ఇంగ్లీషు ‘కె’ కీ నొక్కితే వెళ్లే సంఖ్య 14. అంతకుమించి కీబోర్డు ఏమీ చెప్పదు. ఆ 14 అందుకున్న కంప్యూటరు, ఇంగ్లీషు ఎంచుకుని ఉంటే ‘కె’ వేస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఎంచుకుని ఉంటే ‘క’ వేస్తుంది. కలిసింది బంగారు పూత ఉన్న ఖరీదైన స్విచ్చా, సైకిలు బెల్లులో రేకా అన్నది దానికి పట్టదు. రెండు తీగల కొసలు చేత్తో పట్టుకుని తాకించినా 14 వెళ్తుంది.

ఈ చిన్న నిజం మీదే ప్రపంచమంతా కీబోర్డులు సొంతంగా చేసుకునేవాళ్ల వ్యాపకం నడుస్తోంది. 1980ల మొదట్లో జర్మనీ నుంచి చెర్రీ కంపెనీ తెచ్చిన స్విచ్చు వీళ్లకు కొలమానం. ఎర్ర రకం అయితే సుమారు 45 గ్రాముల బరువుకు దిగుతుంది, 4 మి.మీ. దిగే దారిలో 2 మి.మీ. దగ్గరే అక్షరం పడిపోతుంది. దాని పేటెంటు గడువు 2014 ప్రాంతంలో తీరిపోయాక అదే ఆకారంలో లెక్కలేనన్ని రకాలు వచ్చాయి. అయినా కొందరికి ఆ ఆకారమే వద్దు. చరిత్ర చూస్తే వాళ్ల పక్షాన గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎం కీబోర్డులో ప్రతి కీ కింద ఒక స్ప్రింగు నిలబడి ఉంటుంది. నొక్కగా నొక్కగా అది ఒక్కసారి నడుం విరిగినట్టు పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరగటమే అక్షరం. 1968లో హనీవెల్ కంపెనీ లోహం లోహాన్ని తాకే పనే లేని కీబోర్డు చేసింది. కీ కింద అయస్కాంతం దిగుతుంటే, 1879లో ఎడ్విన్ హాల్ గమనించిన ప్రభావం ఆధారంగా ఒక సెన్సరు పసిగడుతుంది. ఇవాళ వీడియో గేములు ఆడే కుర్రాళ్లు డబ్బు పోసి కొంటున్న ‘కొత్త’ అయస్కాంత కీబోర్డుల మూలం అదే. 1990ల్లో వచ్చిన డేటాహ్యాండ్ అయితే కీబోర్డు ఆకారాన్నే వదిలేసింది. వేళ్లు గుంటల్లో విశ్రాంతిగా ఉంటాయి. ప్రతి వేలూ నాలుగు దిక్కులకూ కిందికీ కొద్దిగా కదిలితే చాలు. స్ప్రింగుల బదులు అయస్కాంతాలు, లోహపు కొసల బదులు కాంతి.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ఉదాహరణ ఒకటుంది. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట పోగొట్టుకున్నారు. ఆ తర్వాత వాల్ట్ వోల్టోజ్ అనే ఇంజనీరు రాసిన ప్రోగ్రాముతో, చేతిలో ఒకే ఒక్క స్విచ్చు పట్టుకుని రాసేవారు. తెర మీద అక్షరాల మీదుగా ఒక గుర్తు నడుస్తుంటుంది. కావలసిన చోటికి రాగానే నొక్కాలి. చెయ్యి కూడా కదలని రోజులొచ్చాక కళ్లజోడుకు బిగించిన సెన్సరు ఆయన చెంప కదలికను పట్టుకునేది. ఆ చెంపే స్విచ్చు. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన ప్రోగ్రామును 2015లో అందరికీ ఉచితంగా వదిలారు. చెంపతో ఉపన్యాసాలు రాసిన మనిషి గురించి తెలిశాక, కీ అంటే ఇలాగే ఉండాలన్న మాట ఎవరికీ నోట రాదు. చెయ్యి వణికేవాళ్లకు బరువైన స్విచ్చు మంచిది, కీళ్ల నొప్పులున్నవాళ్లకు ఈక తగిలినా దిగే స్విచ్చు మంచిది. యంత్రాల మధ్య వేలు పోగొట్టుకున్న కార్మికుడికి మిగిలిన వేళ్లకు అందేలా పేర్చిన కీలు కావాలి. ఉక్కు ఊళ్లో ఈ చివరి అవసరం ఊహించుకోవలసినంత దూరంలో లేదు.

అయితే క్రేను స్విచ్చును తెచ్చి కీబోర్డులో పెట్టడం అనుకున్నంత సులువు కాదు.

మొదటి అడ్డంకి కొలత. కీబోర్డు మీద ఒక కీ నడుమ నుంచి పక్క కీ నడుమకు 19.05 మి.మీ. దూరం. ఇది దశాబ్దాలుగా వేళ్లకు అలవాటైన కొలత. సాధారణ మైక్రోస్విచ్ పొడవు 27.8 మి.మీ., వెడల్పు 10.3 మి.మీ. పక్కపక్కన పేరిస్తే హాయిగా పడతాయి, పై వరస కింద వరస మధ్య మాత్రం దూరం పెరిగిపోతుంది. మౌసులో ఉండే చిన్న రకం 12.8 మి.మీ. పొడవే కాబట్టి ఎలా పెట్టినా ఇమిడిపోతుంది. పెద్దదే కావాలని పట్టుబట్టేవాళ్లు తక్కువ కీలతో సరిపెట్టుకోవాలి.

రెండోది బరువు. మోటారు ఆపే స్విచ్చుకు వేలి సుకుమారం తెలియదు. బొడిపెను నేరుగా నొక్కాలంటే కొన్ని రకాలకు 200 గ్రాముల దాకా కావాలి. చెర్రీ స్విచ్చుకు నాలుగు రెట్ల పైన. పాతకాలపు టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పాసైనవాళ్లకు చిటికెన వేలు పడే కష్టం గుర్తుండే ఉంటుంది. దానికి మందు స్విచ్చులోనే ఉంది. చాలా మైక్రోస్విచ్‌లు పైన పొడుగాటి రేకుతో వస్తాయి. రేకు కొసన నొక్కితే బావి దగ్గర ఏతం పని చేసినట్టే, బలం తగ్గుతుంది, దూరం పెరుగుతుంది. రేకు ఎంత పొడుగైతే కీ అంత మెత్తన. ఒకే రకం స్విచ్చుకు రకరకాల పొడవుల రేకులు పెట్టి, బొటనవేలికి గట్టిది, చిటికెన వేలికి మెత్తనిది అమర్చుకోవచ్చు. కొన్న కీబోర్డులో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు.

మూడోదే అసలు చిక్కు. 15 ఆంపియర్లు మోయగల స్విచ్చు కీబోర్డులో మొండికేస్తుంది. వినడానికి విడ్డూరమే. పెద్ద కరెంటు కోసం చేసిన స్విచ్చుల లోపల కలిసే కొసలు వెండితో చేస్తారు. వెండి పట్టీలు కొన్నాళ్లకు ఎందుకు నల్లబడతాయో ఆ కొసలూ అందుకే నల్లబడతాయి. గాలిలోని గంధకం వెండిని పట్టుకుని పైన సన్నటి పొర కడుతుంది. మోటారు కరెంటు వెళ్లేటప్పుడు ఆ పొరను కాల్చేసి దారి చేసుకుంటుంది. కీబోర్డు చిప్పు పంపే కరెంటు మిల్లీ ఆంపియరులో పదో వంతు కూడా ఉండదు. ఆ పొర ముందు అది నిలబడిపోతుంది. నొక్కితే టక్ వినిపిస్తుంది, అక్షరం పడదు. అందుకే కీబోర్డు స్విచ్చుల కొసలకు బంగారం వాడతారు, దానికి మసి పట్టదు. మైక్రోస్విచ్‌లలోనూ చిన్న కరెంటు కోసం బంగారు పూత రకం విడిగా దొరుకుతుంది. కొనేటప్పుడు అడిగి మరీ తీసుకోవాలి. వెండి రకమే చేతిలో ఉంటే వెయ్యి ఓముల రెసిస్టరు ఒకటి కలిపి కరెంటును మూడు మిల్లీ ఆంపియర్ల దాకా పెంచి చూడొచ్చు.

ఈ బంగారం సంగతికి జంషెడ్‌పూర్‌తో మరో చుట్టరికం ఉంది. 1950 నవంబరులో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధన శాల ఈ ఊళ్లోనే ఉంది. పారేసిన కంప్యూటర్లు, ఫోన్ల సర్క్యూట్ బోర్డుల నుంచి బంగారం, రాగి వంటి లోహాలను తిరిగి రాబట్టే పద్ధతుల మీద అక్కడి శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. కొస మీద కంటికి ఆనని పూతకు కూడా విలువ కట్టే ఊరు ఇది. స్ప్రింగుల మాటకొస్తే 1920లో మొదలైన ఇండియన్ స్టీల్ అండ్ వైర్ ప్రొడక్ట్స్ ఇక్కడ ఉక్కును తీగలుగా లాగుతూ వచ్చింది. ఉక్కు తీగను చుట్టి వేడిచేసి స్వభావం నిలబెడితేనే స్ప్రింగు. కోట్లసార్లు నొక్కినా పాత ఎత్తుకే తిరిగి లేవడం ఆ ఉక్కు గొప్పే.

నాలుగో అడ్డంకి చిన్నది. రెండు లోహాలు కలిసినప్పుడు బంతి నేల మీద పడ్డట్టు రెండు మూడుసార్లు ఎగిరి పడి నిలబడతాయి. మన కంటికి అది ఒక్క నొక్కే. సెకనులో వెయ్యిసార్లకు పైగా తొంగిచూసే చిప్పుకు మాత్రం ‘కకక’. కాబట్టి కొద్ది మిల్లీ సెకన్లు ఆగి, కుదురుకున్నాకే లెక్కలోకి తీసుకోమని చిప్పుకు నేర్పాలి. కీబోర్డులు చేసుకునేవాళ్లు విరివిగా వాడే క్యూఎంకే అనే ఉచిత ప్రోగ్రాములో మామూలుగా 5 మిల్లీ సెకన్లు ఆగుతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే. మైక్రోస్విచ్ కోసం పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పవద్దు. దాని తలుపు దగ్గర ఇవి ఉన్నమాట నిజమే. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటరు ప్రాణం తీసేంత కరెంటును దాచుకుని ఉంటుంది. కొత్త స్విచ్చుకయ్యే ఖర్చు దానిముందు ఏపాటిది!

ఇక చేయవలసింది ఏమిటన్నది. నూరు కీల కీబోర్డు మొదటిసారే తలకెత్తుకుంటే సగంలో విసుగు పుడుతుంది. తెలుగువాడికి అంతకన్నా మంచి లెక్క ఒకటి సిద్ధంగా ఉంది. తలకట్టును పక్కన పెడితే (అది హల్లులోనే కలిసి ఉంటుంది) దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం, వట్రసుడి, దాని దీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం. మొత్తం పదమూడు. సున్న, విసర్గ, పొల్లు కలిస్తే పదహారు. నాలుగు వరసల్లో నాలుగేసి కీలు. గుణింతాల పలక అచ్చంగా చదరం!

1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో గుణింతాలు ఎడమచేతి కింద, ఎక్కువ హల్లులు కుడిచేతి కింద ఉంటాయి. కాబట్టి ఈ పలకను మామూలు కీబోర్డుకు ఎడమ పక్కన పెడితే చెయ్యి తన అలవాటు మార్చుకోనక్కర్లేదు. ‘స్త్రీ’ అని కొట్టాలంటే కుడిచేత్తో స, ఎడమచేత్తో పొల్లు, కుడిచేత్తో త, ఎడమచేత్తో పొల్లు, కుడిచేత్తో ర, ఎడమచేత్తో గుడి దీర్ఘం. ఆరు నొక్కులు, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి. డప్పు మీద దరువు పడ్డట్టు పోతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుకున్న జంషెడ్‌పూర్ పిల్లవాడికి ఇది పెద్దబాలశిక్షలాంటి పలక. పొల్లు నొక్కి హల్లు కొడితే ఒత్తు ఎలా పుడుతుందో వేళ్లకే తెలిసిపోతుంది.

కట్టడం కష్టమేమీ కాదు. 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరతో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డుకు వాడుకోదగ్గ కాళ్లు 26 ఉన్నాయి. పెద్ద కీబోర్డుల్లో కాళ్లు చాలక కీలను నిలువు, అడ్డం వరసల వలగా అల్లి, ఒక కీ కరెంటు మరో కీలోకి దొంగదారిన పోకుండా ఒక్కోదానికి ఒక డయోడు పెడతారు. పదహారు కీలకు ఆ అల్లికే అవసరం లేదు. ఒక్కో స్విచ్చు నుంచి ఒక్కో తీగ, అన్ని కామన్ కాళ్లనూ కలుపుతూ ఒక్క తీగ. బోర్డుకూ స్విచ్చులకూ మధ్య పదిహేడు తీగలు, అంతే. పలకకు తలుపు చెక్క ముక్కయినా సరే, రంధ్రాలు వేసి బిగించిన రేకయినా సరే. టంకం వేసేటప్పుడు కాలును రెండు మూడు సెకన్ల కన్నా ఎక్కువ కాల్చకూడదు. ప్లాస్టిక్ పెట్టె మెత్తబడి లోపలి రేకు పక్కకు ఒరిగితే గెంతటం మానేస్తుంది. ప్రతి స్విచ్చునూ టంకం ముందొకసారి, తర్వాతొకసారి మల్టీమీటరుతో చూసుకోవాలి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ రెండు కీబోర్డులు కలిపి ఉంటే ఒకదాని షిఫ్ట్ రెండోదానికీ వర్తిస్తుంది. అందువల్ల మామూలు కీబోర్డు షిఫ్ట్ పట్టుకుని పలక మీద గుడి నొక్కితే ‘ఇ’ అచ్చు పడుతుంది. అచ్చులకు వేరే కీలు అక్కర్లేదు.

పదహారు కీలూ నిండిపోయాయి. ఏడో నొక్కుకు చోటేదీ? వట్రసుడి దీర్ఘాన్ని దింపెయ్యడమే న్యాయం. ఓ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా కొట్టినా దానితో పని పడకపోవచ్చు. జంషెడ్‌పూర్‌లాంటి పేర్లు, తెలుగు లిపిలో రాసే ఇంగ్లీషు మాటలు మాత్రం పేరాకొకటి తగులుతాయి. యూనికోడ్‌లో ఆ కనిపించని సంకేతం సంఖ్య 8204. ఒక్క నొక్కుతో అది పడేలా క్యూఎంకేలో రాసుకోవచ్చు.

ఏ కీకి ఏ స్విచ్చన్నది ఇక ఆఖరి పని. పొల్లుకు ఉన్నవాటిలో పొడుగాటి రేకు, మెత్తటి నొక్కు. మిగతా అన్నిటికన్నా దాన్నే ఎక్కువసార్లు తడమాలి. ఏడో నొక్కుకు మాత్రం రేకు లేని, మొండి, క్రేను రకం. మిగతా కీలు కొడితే తెర మీద ఏదో ఒకటి కనిపించి పడిందని కంటికి చెప్తుంది. ఇది పడ్డప్పుడు తెర మీద ఏమీ కదలదు. పడిందన్న కబురు వేలికీ చెవికీ స్విచ్చే చెప్పాలి. డ, పొల్లు, ఆ తర్వాత పక్కగదిలోకి కూడా వినిపించేంత గట్టిగా ఒక టక్, ఆ వెంటనే ప.